కీ ప్రకారం

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ పొంగి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప బోట్లు గుద్దుకుని 67, 69 నంబర్ల గేట్లను ఎత్తడానికి తోడ్పడే కాంక్రీటు దిమ్మలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి.

నీళ్లు తగ్గి కాలేజీలు తెరిచాక, బెజవాడలో ఓ కార్పొరేట్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ జూనియర్ ఇంటర్ పిల్లల్ని అడిగాడు: "బోటూ, కౌంటర్ వెయిటూ గుద్దుకున్నాయి కదా. ఏది దేన్ని గట్టిగా కొట్టినట్టు?"

"బోటే సార్!" క్లాసంతా ఒకే గొంతు.

"న్యూటన్ మూడో సూత్రం చెప్పండి."

గడగడా అప్పజెప్పారు.

"ఇప్పుడు చెప్పండి, ఏది గట్టిగా కొట్టింది?"

"బోటే సార్! పగిలింది కౌంటర్ వెయిట్ కదా!"

ఆయన సిలబస్ పక్కన పెట్టేశాడు. "బోటు ఎంత బలంతో గుద్దిందో, కౌంటర్ వెయిట్ కూడా సరిగ్గా అంతే బలంతో బోటును గుద్దింది. తేడా బలంలో లేదు, తట్టుకోవడంలో ఉంది. ఇనుము ఓర్చుకుంది, కాంక్రీటు పగిలింది. బోటు తనలో బలాన్ని మోసుకురాదు. దానికున్నది మొమెంటం. ఆపబోయినప్పుడే బలం పుడుతుంది."

"మరి బెంజి సర్కిల్లో లారీ, ఆటో గుద్దుకుంటే సార్?"

"అప్పుడూ సమానమే. లారీ బరువెక్కువ కాబట్టి దాని వేగం పెద్దగా మారదు. ఆటో ఎగిరిపడుతుంది."

ఆ రోజు మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ కూడా పిల్లలు అదే వాదించుకున్నారు. రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి అందరికీ ఎక్కేసింది.

ఆదివారం పరీక్షలో ప్రశ్న వచ్చింది: 'లారీ, కారు ఎదురెదురుగా ఢీకొంటే ఎక్కువ బలం దేనిపై పడుతుంది?' దాదాపు సెక్షనంతా 'రెండింటిపై సమానం' అని పెట్టింది.

సోమవారం డీన్ గారు లెక్చరర్‌ని పిలిపించారు. "ఏంటి సార్ ఇది? కీలో 'కారుపై' అనుంది. మీ సెక్షన్‌కి మొత్తం మైనస్ మార్కులే."

"కీ తప్పండీ."

"హెడ్డాఫీసు కీ సార్. అన్ని బ్రాంచీలకూ అదే. మిగతా సెక్షన్లన్నీ కరెక్టుగానే పెట్టాయిగా?" డీన్ గారు షీటు మీద వేలు జరుపుతూ ఒక పేరు దగ్గర ఆగారు. "మీ దగ్గరా ఒక్కడు కరెక్టుగా పెట్టాడు. వాడికి ఎలా చెప్పారో మిగతావాళ్లకీ అలాగే చెప్పండి."

"వాడికి నేను చెప్పలేదండీ. ఆ రోజు జ్వరమొచ్చి క్లాసుకి రాలేదు."