మంకీక్యాపు దిగ్విజయము

ముందుగా ఇష్టదేవతా స్తుతి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టించి, 1852 నాటికి దాన్ని పూర్తిచేసి, కాలవలు తవ్వించి, వాటికి గట్లు పోయించి, ఆ గట్ల మీద పొద్దున్నే నడవాలన్న బుద్ధిని మన నాయకుడికి పరోక్షంగా ప్రసాదించిన కాటన్ దొరకు దండం. రాజమహేంద్రవరంలో కూర్చుని మహాభారతాన్ని తెనిగించిన నన్నయభట్టుగారు మాత్రం ఈ కాసేపూ ఇటు చూడకుందురు గాక.

ధనుర్మాసపు వేకువ. ధవళేశ్వరం లాకుల నుంచి కడియం దాకా కాలినడకన పోయి, ఎర్ర గులాబి అంటు గెలుచుకొస్తానని నాయకుడు రాత్రే పెసరట్టు సాక్షిగా శపథం పట్టాడు. పది కిలోమీటర్లకు అటూ ఇటూగా దండయాత్ర.

ఇక ఆయుధధారణ. కర్ణుడి కవచం పుట్టుకతో వచ్చింది. ఇతడిది రోడ్డువార నేపాలీల దగ్గర గీచి గీచి బేరమాడి కొన్నది. బనీను మీద చొక్కా, చొక్కా మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, అన్నిటికీ పైన ఊదారంగు మంకీక్యాపు. ఆ శిరస్త్రాణపు గవాక్షంలోంచి రెండు కళ్లూ, ఒక ముక్కూ, సగం మీసం మాత్రమే లోకానికి దర్శనమిస్తున్నాయి. "ఏవండీ, చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అని వీరపత్ని కేకేసింది. పెట్టుకున్నాడు గనక వినబడలేదు.

శత్రువు బలం ఎంతటిదంటారా? పదిహేడు డిగ్రీలు. లంబసింగి వాళ్లకు చెబితే ఫ్యాను వేసుకోమంటారు. అమెరికాలో అపలాచియన్ బాట అని సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున ఒకటుంది. దాన్ని సాంతం నడిచేవాళ్లు డేరా, పొయ్యీ వీపున మోసుకుపోతారు. మనవాడి భుజాన ఫ్లాస్కు ఉంది, అందులో అల్లం టీ.

కాలవ మీంచి లేచిన మంచు కొబ్బరిచెట్లను మొదలంటా మింగి తలలు మాత్రం వదిలేసింది. ఆ తెల్లటి చీకట్లో ఘల్లుమని చప్పుడు. ఏ రాక్షసుడోనని నాయకుడు చేతికర్ర ఎత్తాడు. హరిదాసు! నెత్తిన అక్షయపాత్ర, ఒక చేత చిడతలు, భుజాన తంబుర, కాళ్లకు గజ్జెలే తప్ప చెప్పులు లేవు. నెల పొడుగునా వాకిలి వాకిలికీ తిరిగే మనిషి. మంకీక్యాపు వంక ఒక్కసారి చూసి, కీర్తన ఆపకుండానే పక్కకు తప్పుకుని పోయాడు. ఉజ్జీ కానివాడితో తలపడరాదన్న యుద్ధనీతి ఆయనకు తెలుసు.

వేమగిరి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి. కురుక్షేత్రంలో పొద్దుగూకితే యుద్ధం ఆపేవారు. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీలకు ఆ నియమం లేదు. నాయకుడు చెయ్యెత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చివరికి ఒక గేదె దాటుతుంటే దాని చాటున దాటాడు. భీష్ముడి మీదికి అర్జునుడు ఎవరి చాటున వెళ్లాడో ఎరిగినవాళ్లు దీన్ని తప్పుపట్టరు.

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలంటారు. కడియపులంక నర్సరీల ముందు నిలబడితే పదిహేడూ మానేసి ఉద్యానవర్ణన ఒక్కటే చెయ్యాలనిపిస్తుంది. చామంతుల అక్షౌహిణులు, బంతుల అక్షౌహిణులు, కవర్లలో బారులు తీరి, పరరాష్ట్రాల మీదికి లారీలెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. కొత్త సంవత్సరం దగ్గరపడింది గనక ఒకచోట పూలకుండీలతో అంకెలు పేరుస్తున్నారు. ఆడవాళ్లు గొంతుక్కూర్చుని ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి కవర్లకెత్తుతున్నారు. మంచుకు తడిసిన ఆకులు వాళ్ల చేతుల్ని మోచేతుల దాకా తడిపేస్తున్నాయి. తలకు తువ్వాలు చుట్టుకున్నారు గానీ, అది తట్ట మొయ్యడానికి.

"నడిచొచ్చారా? ఆయ్, అంత కష్టమెందుకండీ! మా కుర్రాడు రోజూ లాకుల మీంచే వస్తాడండి. కబురెడితే ఇంటికే తెచ్చిచ్చేవాడండి" అన్నాడు నర్సరీ ఆయన. ఈసారి దూది ఉన్నా వినబడింది.

తిరుగు ప్రయాణం షేర్ ఆటోలో. కుండీ ఒక మనిషి చోటు ఆక్రమించింది గనక దానికీ చార్జీ ఇవ్వాలన్నాడు డ్రైవరు. ఆ వాగ్యుద్ధం వేమగిరి దాకా సాగింది. అందులో మాత్రం నాయకుడిదే గెలుపు. మొక్కను ఒళ్లో పెట్టుకుని ఒక్క చార్జీయే ఇచ్చాడు. ముళ్ల సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.