సీటు సిద్ధాంతి

పటాన్‌చెరు నుంచి కోఠి పోయే 218 బస్సు పొద్దుటి ఏ ట్రిప్పులో చూసినా ఈయన ఉంటాడు. మియాపూర్‌లో ఎక్కుతాడు, ఆబిడ్స్‌లో దిగుతాడు. మనమంతా ఎక్కగానే ఖాళీ సీటు ఉందేమోనని చూస్తాం. అది ఉండదనీ, ఖాళీ కాబోయేది ఏదో కనిపెట్టాలనీ ఈయనకు ఏనాడో తెలిసిపోయింది. అందుకే కూర్చున్నవాళ్ళ మొహాలు చూడడు, ఒళ్ళో ఏముందో చూస్తాడు.

మడత పెట్టిన కూరగాయల సంచి ఉంటే ఎర్రగడ్డ రైతుబజారు. జిరాక్సు నోట్సుల కట్ట ఉంటే అమీర్‌పేట, కంప్యూటర్ కోచింగు. పెద్ద ఎక్స్‌రే కవరుంటే పంజాగుట్ట నిమ్స్. ఆస్పత్రికి పోయేవాళ్ళు కంగారులో రెండు స్టాపుల ముందే లేచి నిలబడతారు కనుక ఆ సీటు మరీ శ్రేష్ఠం. సూట్‌కేసు కనిపిస్తే మాత్రం ఆ ఛాయలకే పోడు. నాంపల్లి స్టేషన్ దాకా వాళ్ళు కదలరు, అప్పటికి ఈయన దిగాల్సిన చోటూ వచ్చేస్తుంది.

సంచి చెప్పనిది చెవి చెబుతుంది. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వస్తుంటే ఈయన చెవులు ఆ వెంటే నడుస్తాయి. ఎవరైనా ‘ఒక మూసాపేట’ అన్నారో, మరుక్షణం వాళ్ళ నెత్తిన ఈయన నీడ పడుతుంది. పాసు చూపించి ఊరుకునేవాళ్ళంటే అసలు పడదు. ఎక్కడ దిగేదీ బయటపెట్టని మనిషి ఇంకేం దాస్తున్నాడోనని అనుమానం. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళు ఆధార్ చూపించి, దిగే చోటు చెప్పి జీరో టికెట్ తీసుకుంటున్నారు. ఈయన లెక్కలో సమాచారం పెరిగింది, సీట్లు తగ్గాయి.

ముహూర్తం దగ్గరపడితే రెండు చేతులా రెండు కడ్డీలు పట్టుకుని, బ్యాగు అడ్డం వేసుకుని నిలబడతాడు. దిగేవాడు ఈయన చంక కిందుగా దూరి బయటపడాలి. పాపం, స్టాపు దాటిపోతోందని వాడు అరుస్తుంటాడు. ఈయన అప్పటికే కూర్చుని ఉంటాడు.

శాస్త్రం తప్పే రోజులూ ఉంటాయి. కొందరు లేచినట్టే లేచి, వెనక జేబులో పర్సు సర్దుకుని మళ్ళీ కూలబడతారు. దాన్నైనా క్షమిస్తాడు గానీ, ‘ఎక్కడ దిగుతరన్నా?’ అని మర్యాదగా అడిగితే ‘కోఠి’ అని చెప్పి, ఈయన నమ్మి పక్కకు జరిగాక ఎస్సార్ నగర్‌లో దిగిపోయేవాళ్ళను మాత్రం క్షమించడు. లోకంలో నీతి లేకుండా పోయిందని ఆ మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ డబ్బా మూసేదాకా వినాల్సిందే.

మెట్రోలో పోవచ్చు కదా అంటారు తోటివాళ్ళు. మియాపూర్ నుంచి నాంపల్లికి 2018 నుంచీ రైలుంది మరి. ఓసారి ఎక్కాడట. అందరూ ఫోన్లలో తలలు దూర్చుకుని ఉన్నారట, టికెట్ అడిగే మనిషే లేడట. ‘ఎవడు ఎక్కడ దిగుతడో ఎట్ల తెలుస్తదండీ?’ అని మళ్ళీ ఆ వైపు పోలేదు.

పంజాగుట్టలో ఎక్స్‌రే కవరు లేచింది. ఈయన కూర్చున్నాడు, కూర్చుంటూనే కళ్ళు మూసేశాడు. తెరిచి ఉంటే ఎదురుగా ఏ ముసలాయనో, చంకలో పిల్లతో ఏ తల్లో కనపడే ప్రమాదం ఉంది. ఖైరతాబాద్‌లో ఎక్కిన కుర్రాడొకడు వంగి, ‘అన్నా, ఎక్కడ దిగుతరు?’ అన్నాడు.

‘కోఠి’ అన్నాడు సిద్ధాంతి, కళ్ళు తెరవకుండానే.