మళ్లీ మీరే ఉండాలి సార్!

అమెరికావాళ్ల అవస్థ చూస్తే జాలేస్తుంది. రూజ్‌వెల్ట్ వరసగా నాలుగుసార్లు గెలిచేసరికి గుండెల్లో రాయి పడి, దేశాధ్యక్షుడిగా ఎవరూ రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదని 1951లో రాజ్యాంగానికి 22వ సవరణ తెచ్చుకున్నారు. ఇప్పుడు ట్రంప్ మూడోసారి మాట ఎత్తినప్పుడల్లా టీవీల్లో లాయర్లు చేరి, ఆ సవరణకు సందు ఎక్కడుందా అని వెతుకుతున్నారు. ఇంత శ్రమ దేనికి? ఓసారి చెన్నై వచ్చి, ఏదో ఒక పార్టీ జనరల్ కౌన్సిల్ సమావేశంలో వెనక బెంచీ మీద కూర్చుంటే సరిపోయేది.

మా ఊళ్లో ఈ చిక్కు ఎప్పుడో విడిపోయింది. 1949 సెప్టెంబరులో డీఎంకే పుట్టినప్పుడు అధ్యక్షుడి కుర్చీని ఖాళీగా వదిలేశారు. అది పెరియార్‌ది, ఇంకొకరు కూర్చోకూడదన్నారు. ఆయనతో విభేదించి బయటికొచ్చి, ఆయన కోసమే కుర్చీ తుడిచిపెట్టడం తమిళ మర్యాదకు పరాకాష్ఠ. అన్నాదురై అంతటివారు కూడా ప్రధాన కార్యదర్శి పదవితోనే సరిపెట్టుకున్నారు. అలా ఇరవై ఏళ్లు గడిచాయి. 1969లో అన్నా పోయాక కరుణానిధి ఆ కుర్చీలో కూర్చున్నారు. 2018 ఆగస్టు 7న కన్నుమూసేదాకా ఆయనే ఉన్నారు. మధ్యలో ఎన్నికలు జరపలేదని ఎవరైనా అంటే కళ్లుపోతాయి. 2015 జనవరిలో ఆయన పదకొండోసారి ఎన్నికయ్యారు, ఎప్పటిలాగే పోటీ లేకుండా. ఆయన పోయిన మూడు వారాలకు, ఆగస్టు 28న, స్టాలిన్‌గారు ఎన్నికయ్యారు. అక్కడా పోటీ లేదు. ఉంటే బాగోదు కదా.

ఇది చూసి అన్నాడీఎంకే ఊరుకుంటుందా? బతికున్నంత కాలం పదవిలో ఉండటంలో గొప్పేముంది అనుకుంది. జయలలితగారు 2016 డిసెంబరులో పోయారు. 2017 సెప్టెంబరులో వానగరంలో జనరల్ కౌన్సిల్ సమావేశమై, ఆమే ఎప్పటికీ పార్టీ ప్రధాన కార్యదర్శి అని తీర్మానించింది. పదవీకాలానికి పరిమితి ఉండాలా వద్దా అని ప్రపంచమంతా కొట్టుకుంటుంటే, దానికి ప్రాణం కూడా అడ్డు కాదని మావాళ్లు తేల్చేశారు. రూజ్‌వెల్ట్ నాలుగో దఫా మొదలైన మూడు నెలలకే పోయాడు పాపం. సరైన కౌన్సిల్ ఉండుంటే ఇప్పటికీ ఆయనే.

2022 జూలైలో అయితే మూడు రోజుల్లో రెండు వింతలు జరిగాయి. గుంటూరు దగ్గర వైసీపీ ప్లీనరీలో జగన్‌గారిని జీవితకాల అధ్యక్షుడంటూ జేజేలు కొట్టారు. ఆ వెంటనే 11న, అదే వానగరంలో, పళనిస్వామిగారిని తాత్కాలిక ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకున్నారు. అక్కడ శాశ్వతం, ఇక్కడ తాత్కాలికం. చప్పట్లు మాత్రం రెండుచోట్లా ఒకే మోత. సెప్టెంబరులో ఎన్నికల సంఘం కలగజేసుకుని, శాశ్వత అధ్యక్ష పదవి అనేది ప్రజాస్వామ్యానికి విరుద్ధమంది. సంఘంవారికి తెలీని సంగతేమిటంటే, శాశ్వతమని కాగితం మీద రాసుకోవడమే అనవసరం. చంద్రబాబుగారు 1995 నుంచి, కేసీఆర్‌గారు 2001 నుంచి అలా రాసుకోకుండానే ఉన్నారు. సోనియాగాంధీ 1998 నుంచి 2017 దాకా ఉన్నారు. బీజేపీ నియమావళిలో వరసగా రెండు దఫాలే అన్న గీత ఉంది. అందుకని నడ్డాగారి మొదటి దఫాకే పొడిగింపు మీద పొడిగింపు ఇచ్చుకుంటూ పోయారు. రెండోది మొదలైతేనే కదా లెక్క!

రాజ్యాంగం రాసిన పెద్దలకు ఈ భయం లేకపోలేదు. 1948 ముసాయిదాలో రాష్ట్రపతి ఒక్కసారి మాత్రమే తిరిగి ఎన్నిక కావచ్చని రాశారు. చర్చలో ఆ షరతు ఎగిరిపోయింది, 57వ అధికరణంలో ఇప్పుడు ఏ పరిమితీ లేదు. అయినా ఏమైంది? రెండోసారి ఎన్నికైంది రాజేంద్రప్రసాద్ ఒక్కరే. మైలాపూరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారికి 1967లో రెండో దఫా ఇద్దామని కామరాజ్ అనుకున్నారు, ఇందిరాగాంధీ జాకిర్ హుస్సేన్ వైపు మొగ్గారు. పెద్దాయన మూటాముల్లె సర్దుకుని మైలాపూరులో సొంతింటికి వచ్చేశారు. ఆ రోడ్డుకి ఇప్పుడు ఆయన పేరే. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి కూడా తలా ఒక్క దఫాతో దిగిపోయారు. ముగ్గురు తెలుగువాళ్లు, మూడు దఫాలు! సంతకం పెట్టడం తప్ప పెద్దగా అధికారం లేని కుర్చీ నుంచి మనవాళ్లు ఎంత హుందాగా లేస్తారో చూశారా? టిక్కెట్లిచ్చే కుర్చీ నుంచి అలా లేచినవాళ్ల పేర్లు మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

ఈ దేశంలో పదవీకాలం మీద సుప్రీంకోర్టు నిజంగా కొరడా ఝళిపించింది క్రికెట్లో. లోధా కమిటీ సిఫార్సుల్ని కోర్టు 2016 జూలైలో ఆమోదించింది. డెబ్బై దాటితే ఇంటికి, ఒక దఫా అయ్యాక కొన్నాళ్లు విరామం అంది. 2018లో మెత్తబడి, వరసగా రెండు దఫాలయ్యాకే విరామం అంది. చట్టాలు చేసేవాడు ఎన్నేళ్లున్నా ఫర్లేదు, సెలెక్టర్ల మీటింగుకి కాఫీ పంపేవాడు ఎక్కువకాలం ఉంటే దేశానికి ముప్పు! చెపాక్ స్టేడియానికి పేరిచ్చిన చిదంబరంగారు దేశ క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, తర్వాత వాళ్లబ్బాయి ముత్తయ్య కూడా. ఆ పైన చాలాకాలం రాష్ట్ర సంఘాన్ని ఏలిన శ్రీనివాసన్‌గారికి లోధా నిబంధనలు అడ్డొచ్చాయి. 2019లో వాళ్లమ్మాయి రూపా గురునాథ్ ఏకగ్రీవంగా అధ్యక్షురాలయ్యారు. రాష్ట్ర క్రికెట్ సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ ఆమే. సంస్కరణ వల్ల ఇంత మేలు జరుగుతుందని లోధాగారు కూడా ఊహించి ఉండరు.

పాలకుల్నే అని ఏం లాభం? మా అపార్టుమెంటు సంఘం సర్వసభ్య సమావేశం మేడమీద జరుగుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు, వడ, ఫిల్టర్ కాఫీ. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "ఈసారైనా కుర్రాళ్లెవరైనా ముందుకు రావాలి" అంటారు. కుర్రాళ్లు ఫోన్లలోకి తల దూరుస్తారు. "నీంగళే ఇరుంగ సార్" అని మూడో అంతస్తాయన, "అవునండీ, మీరే ఉండాలి" అని మన నెల్లూరాయన. ఆయన కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మా గతేంటి? సంపు ఎండితే మెట్రో వాటర్ లారీ డ్రైవరు నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. బోరు మోటారు గది తాళంచెవి ఆయన బీరువాలో ఉంది. లెక్కల పుస్తకం ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకు కూడా తెలీదని లిఫ్టులో గుసగుస. పోటీ చేయమని నన్నడిగితే మాత్రం నాకు నడుంనొప్పి.

శ్రీలంకవాళ్లే నయం. 2010లో రాజపక్స రాజ్యాంగం సవరించి రెండు దఫాల పరిమితి ఎత్తేశారు. గడువుకు దాదాపు రెండేళ్ల ముందే మూడోసారికి ఎన్నికలు పెట్టించారు. ఆస్థాన జ్యోతిష్కుడు గెలుపు ఖాయమన్నాడు. 2015 జనవరి 8న జనం వెళ్లి ఓడించొచ్చారు. పార్టీ జనరల్ కౌన్సిల్‌కి వదిలేసి ఉంటే జ్యోతిష్కుడి మాట నిలిచేది.

కాబట్టి నా సవరణ వేరు. అధ్యక్షుల్ని ఎన్నాళ్లయినా ఉండనివ్వండి. పరిమితి పెట్టాల్సింది "మీరే ఉండాలి" అని లేచి తీర్మానం ప్రవేశపెట్టేవాళ్లకు, దాన్ని బలపరిచేవాళ్లకు. ఒక మనిషి జన్మలో రెండుసార్లే ప్రతిపాదించాలి, రెండుసార్లే బలపరచాలి. ఆ తర్వాత ఎంత భక్తి పొంగినా నోరు మూసుకుని కూర్చోవాలి. చప్పట్లకు కూడా వయోపరిమితి డెబ్బై. దీనికి మా మేడమీద సమావేశంలోనే మద్దతు కూడగడదామని నెల్లూరాయన్ని కదిపాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. వచ్చే ఏడు తన బదులు అధ్యక్షుణ్ని ప్రతిపాదించడానికి అప్పుడే వాళ్లబ్బాయికి తర్ఫీదిస్తున్నాడట.