ఆధారం చూపాలి

మా మావయ్యగారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. ఓచరు లేని బిల్లును జన్మలో పాస్ చెయ్యని ఆ చెయ్యి ఖాళీగా కూర్చోలేక తెలుగు వికీపీడియాలో చేరింది. అప్పట్నుంచీ బంధువుల్లో ఆయన పేరు మూలాల మావయ్య. అత్తయ్య మాత్రం మూలశంక అంటుంది, డాక్టర్లు చూసేది కాదని వివరణ కూడా ఇస్తుంది. మొన్న పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన వచ్చి, "కుర్రాడు బుద్ధిమంతుడండీ" అన్నాడు.

"ఎవరన్నారు?"

"వాళ్లమ్మగారే చెప్పారండీ."

"ఆవిడ స్వతంత్ర మూలం కాదు కదా!"

కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడాయన.

ప్రస్తుతం మావయ్య అల్లూరి సీతారామరాజు వ్యాసం మీద పడ్డారు. పుట్టిన తేదీ దగ్గరే బండి ఆగింది. జులై 4 అన్నదాంట్లో పేచీ లేదు. సంవత్సరమే కొందరు 1897 అంటారు, కొందరు 1898. ఊరి సంగతీ అంతే. మోగల్లు తండ్రిగారి ఊరు, పాండ్రంగి తల్లిగారి పుట్టిల్లు. ఎవరికి ఏది దగ్గరైతే వాళ్లు అక్కడే పురుడు పోసేశారు.

"పది సైట్లు ఒకే మాట చెబుతుంటే ఇంకా అనుమానమేంటి తాతయ్యా?" అన్నాడు మా అన్నయ్య కొడుకు.

మావయ్య కళ్లజోడు తుడుచుకుని పదీ వరసగా తెరిచారు. పదింట్లోనూ పాండ్రంగి 'పాండురంగి' అయి కూర్చుంది. "పదిమంది సాక్షులు కార్రా వీళ్లు. ఒక్కడే చొక్కాలు మార్చుకుని పదిసార్లు బోనెక్కాడు" అన్నారు.

ఆయన ఏ పేజీ తెరిచినా ముందు అడుక్కి పోతారు. రాసిందెవరు, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి తెచ్చారు? అక్కడేమీ లేకపోతే ఇక పైకి రారు. మెరిసే అక్షరాల బ్లాగుల్ని చూస్తే ఆయనకి బీపీ. ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకం దొరికిందా, ముద్రణ సంవత్సరం, ప్రెస్సు పేరు ఉన్న పుట చూసి, చెదలు తిన్న అంచుల్ని కూడా మురిపెంగా పెద్దది చేసి చూస్తారు. తెల్లదొరల నివేదికలూ వదలరు. "తేదీలూ తుపాకుల లెక్కలూ తీసుకో, తిట్లు వాళ్లకే వదిలెయ్" అనేది ఆయన సూత్రం. నా మటుకు నాకు ఇది ఆయన అన్నవాటిలోకెల్లా పనికొచ్చే మాట.

సినిమా ఊసెత్తితే మాత్రం గండమే. 1974లో కృష్ణ గారి సినిమా చూసి చరిత్ర నేర్చుకున్న తరం మా నాన్నది, 2022లో 'ఆర్ఆర్ఆర్' చూసి నేర్చుకున్నది మా వాడిది. "కొమురం భీమ్, ఈయనా ప్రాణస్నేహితులు కదా" అన్నాడు వాడు. "ఆ సినిమా గొప్ప మూలమేరా, ఆ సినిమా మీద రాసే వ్యాసానికి" అన్నారు మావయ్య.

1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద రాజు దాడులు. పట్టుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషను రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టాడని అంటారు. దోచుకున్నదానికి రసీదిచ్చిన మనిషి! ట్రెజరీ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ 'అంటారు' దగ్గర మళ్లీ అడ్డం పడ్డారు. రెండు రాత్రులు వెతికి, తృప్తి చాలక, ఆ వాక్యం పక్కన తన చేత్తోనే 'ఆధారం చూపాలి' అని తగిలించి దిగులుగా పడుకున్నారు.

అసలు దెబ్బ జయంతి నాడు తగిలింది. ఒక పత్రికలో ప్రత్యేక వ్యాసం వచ్చింది. రెండో పేరా చదువుతూ మావయ్య లేచి నిలబడ్డారు. వాక్యం తనదే, కామాతో సహా. సంతోషం అరగంట ఉంది. సాయంత్రానికల్లా ఎవరో ఉత్సాహవంతుడు వికీపీడియాలో అదే వాక్యానికి ఆ పత్రికను మూలంగా ఇచ్చేశాడు. "నా మాటకి నేనే సాక్షినా!" అంటూ తీసేశారు. వాడు మళ్లీ పెట్టాడు. "అచ్చులో వచ్చింది కదండీ" అని చర్చా పేజీలో వినయంగా రాశాడు కూడా. ఆ రాత్రి ఇంట్లో పెరుగన్నం మిగిలిపోయింది.

ఈలోగా తుని దగ్గర్నుంచి అత్తయ్య మేనత్త వచ్చింది. 1923లో రాజు అన్నవరం వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఎదురుపడ్డాడట, ఒంటి మీద ఖద్దరు, జనం కాళ్లకి దణ్ణాలు పెడుతున్నారట. మావయ్య కళ్లప్పగించి విన్నారు, నోట్సు రాసుకున్నారు, చివర్న నిట్టూర్చారు. ఎక్కడా ప్రచురణ కాలేదు, పనికిరాదు!

"మీరే ఏదైనా పత్రికకి రాయండి మావయ్యా" అన్నాను.

"నేను రాసింది నేనెలా వాడతాను? నువ్వు రాయి. అచ్చయ్యాక చూద్దాం."

"అయితే నన్ను మూలంగా వేస్తారా?"

నన్ను కిందనుంచి పైదాకా, అంటే ఆయన ఏ పేజీనైనా చూసే పద్ధతిలోనే చూసి, "నువ్వు హాస్యం రాస్తావుగా, నమ్మరు" అన్నారు.