నాలుగిరవైలూ పన్నెండూ ఒకటి

ఆగస్టు 29 వచ్చిందంటే గిడుగు రామమూర్తి గారి పటానికి దండ పడుతుంది. తెలుగు భాషా దినోత్సవం కదా! ఒక ఉపన్యాసం, రెండు పద్యాలు, ఎంఈవో గారి వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో. సీతంపేట కొండల మీది బడుల్లోనూ ఇదే తంతు. అక్కడ పటం ముందు చేతులు కట్టుకుని నిలబడేది సవర గిరిజనుల పిల్లలు. పర్లాకిమిడిలో పంతులుగిరీ చేస్తూ ఆ పటంలోని మనిషి సవర భాష నేర్చుకున్నాడు. ఆ పిల్లల ముత్తాతల కోసం సవరలోనే వాచకాలు రాశాడు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పకపోవడమే క్షేమం. చెబితే, ఆ వాచకాలేవండీ అని అడుగుతారు.

దండ వాడకముందే, పిల్లలకు ఎంత వచ్చో చూసే బేస్‌లైన్ పరీక్ష. దాని ఫలితం పరీక్ష పెట్టకముందే అందరికీ తెలుసు: గిరిజన పిల్లలకు చదవడం రాదు, లెక్కలు అసలే రావు.

లెక్కల సంగతే చూద్దాం. సవర లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడంటే నాలుగిరవైలూ పన్నెండూ ఒకటి. ఒక్క సంఖ్య పలకడానికి సవర ఇంట్లో ముసలమ్మ ఒక గుణకారం, రెండు కూడికలు చేస్తుంది. అదే పని చేయాల్సొస్తే మన పర్యవేక్షణాధికారి జేబులో ఫోను తడుముకుంటాడు. ఆ ఇంటి పిల్లాడి ముందు మొదటిరోజే పుల్లల కట్టలు పెట్టి, పదులూ ఒకట్లూ అంటాం. వాడు బిత్తరపోతే ట్యాబ్‌లో ఎర్ర చుక్క పెడతాం. పారిస్‌లో తొంభై మూడును నాలుగిరవైలూ పదమూడు అంటారు. అక్కడ అంటే అది నాగరికత, సీతంపేటలో అంటే వెనకబాటు.

ఇక చదువు. ఆంధ్రలో పాఠ్యపుస్తకం 2020 నుంచి రెండు భాషల్లో వస్తోంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. చక్కటి కాగితం, రంగురంగుల బొమ్మలు, వంక పెట్టడానికి లేదు. సవర పిల్లాడి భాష ఎక్కడుందంటే, ఆ రెండు పేజీల మధ్య కుట్టులో ఉంది. అది చాలదన్నట్టు 2023లో అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష అన్నారు. అమ్మ మాటలో అక్షరం చూడని పిల్లాడికి అమెరికా మాటలో అర్హత!

చేయాల్సిందేమిటో తెలియక కాదు. ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేయించాడు, గోండి వాచకాలు అచ్చువేయించాడు. అదీ నిజాం రాజ్యంలో. కొమురం భీం తూటాలకు ఒరిగిన మూడేళ్లకు ఆ సర్కారు కళ్లు తెరిచింది. మన సర్కార్లు తెరవాలంటే ఏం కావాలో అడగాలంటే భయమేస్తుంది. మాతృభాషలో చదువుకు వసతులు కల్పించమనే 350-ఎ అధికరణం రాజ్యాంగంలో 1956 నుంచి ఉంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పమంది. ఆ ‘వీలైనంత వరకు’ను మన కార్యాలయాలు వీలైనంత వాడుకున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కోయ, గోండి, కొలామి వగైరా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మంచి పని. అవి ఎన్ని బడుల్లో బీరువా దాటాయో ఆ బీరువాలకే తెలియాలి.

పంతుళ్ల కథ మరొకటి. 2000లో వచ్చిన జీవో 3, ఏజెన్సీ బడుల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనంది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు మీద నేను నోరెత్తను, కోర్టు ఖర్చులు భరించలేను. పిల్లాడి మాట తెలిసిన పంతులు మరెక్కణ్ణించి వస్తాడన్నది కోర్టు పని కాదు. సర్కార్లు అది తమ పనీ కాదనుకున్నట్టున్నాయి.

అందరికీ మూడో తరగతికల్లా చదువూ లెక్కా వచ్చేయాలని కేంద్రం ‘నిపుణ్ భారత్’ పథకంలో పెట్టిన గడువు 2026-27. గడువు మీద పడింది గనక నాదో విన్నపం. ఈసారి బేస్‌లైన్ పరీక్ష అధికారులకు పెడదాం. కొండమీది బడిలోనే, పిల్లల బల్లల మీదే, ఫోన్లు బయట పెట్టించి. ప్రశ్నపత్రం సవరలో ఉంటుంది. ముసలమ్మ ఒక్కసారే చదువుతుంది, రెండోసారి అడిగితే కసురుతుంది. మొదటి లెక్క: నాలుగిరవైలూ పన్నెండూ ఒకటిలోంచి, ఇరవయ్యీ పన్నెండూ ఒకటి తీసేస్తే ఎంత? మూడిరవైలు అని రాస్తే మార్కు పడుతుంది. అరవై అని రాస్తే సున్నా. పక్కనే ఎర్రసిరాతో ఒక మాట: ‘ఇంటి దగ్గర తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలి.’