బ్రూనో వాళ్ల నాన్న

హైదరాబాదులో ఖాళీ జాగా కోసం తిరిగేవాళ్లు మూడు రకాలు: కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, కబ్జా పెట్టేవాళ్లు. ఈ మధ్య నాలుగో రకం ఒకటి బయల్దేరింది. వీళ్లకు జాగా గంటసేపు చాలు. రిజిస్ట్రేషను అక్కర్లేదు. చుట్టూ కంచె ఉండాలి, లోపల పాములుండకూడదు, అంతే. ఈ రకానికి మచ్చుతునక మా బ్లాకులో ఉండే బ్రూనో వాళ్ల నాన్న.

ఆయనకూ ఒక పేరుంది, ఆధార్ కార్డుంది, ఐటీ కంపెనీలో పెద్ద హోదా ఉంది. కానీ కుక్కలవాళ్ల లోకంలో మనుషులకు పేర్లుండవు. సింబా వాళ్ల అమ్మ, కోకో వాళ్ల డాడీ, టైసన్ వాళ్ల అంకుల్ మాత్రమే ఉంటారు. ఏ కుక్కకు చికెన్ పడదో, దేనికి నట్టల మందు ఎప్పుడు పట్టించాలో అందరికీ తెలుసు. రోజూ పక్కన నిలబడే మనిషిది ఏ ఊరో ఎవరికీ తెలియదు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఆయన తల్లిని లిఫ్టులో ఎవరో అమ్మాయి "నమస్తే బ్రూనో నానమ్మా" అని పలకరించిందట. "నాకు మనవడు ఒక్కడే బిడ్డా, వాడు ట్యూషన్ల ఉన్నడు" అన్నదట ఆవిడ.

బ్రూనో బీగిల్. ఇంగ్లండులో కుందేళ్ల వేటకని పెంచిన జాతి. ముక్కు నేలకు ఆనిందంటే ఇక చెవులు పనిచేయవు. లాబ్రడార్‌ను వదిలేస్తే పిలవగానే వస్తుంది. బీగిల్ మాత్రం వాసన అయిపోయాక వస్తుంది. ఆ వాసన కొండాపూర్‌లో మొదలై హఫీజ్‌పేటలో ముగిసినా అడిగేవాడు లేడు. ఆయన ట్రైనర్‌ను పెట్టి, నెలనెలా డబ్బు పోసి "కమ్" అనే మాట నేర్పించాడు. ఆ మాట వినగానే ఇంట్లో ఇప్పటికీ పరుగెత్తుకొచ్చేది ఆయన కొడుకే.

అందుకే ఆయనకు కంచె మీద అంత పట్టింపు. ఏ మైదానానికి వెళ్లినా ముందు ప్రదక్షిణం చేస్తాడు. కంచె ఐదడుగులకు తగ్గకూడదు. కిందసందులో బ్రూనో తల పట్టకూడదు. గేట్లు రెండుండాలి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. బెల్టు విప్పాల్సింది ఆ రెంటి మధ్యనే. ఎందుకని మీరు అడగకపోయినా చెబుతాడు: తోటివన్నీ స్వేచ్ఛగా తిరుగుతుంటే కట్టేసి ఉన్న కుక్కకు పారిపోయే దారి లేదన్న భయం పుడుతుంది, ఆ భయమే కాటవుతుంది. చిన్న కుక్కలకు, పెద్ద కుక్కలకు వేరు వేరు ఆవరణలుండాలి. బంతులు, బిస్కెట్లు లోపలికి తేకూడదు. పంచాయితీలన్నీ వాటి దగ్గరే మొదలవుతాయి. ఆఖరున అరచేతి వెనుకభాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు లెక్కపెడతాడు. చేతికి కాలితే కుక్క పాదానికీ కాలుతుంది. ఏప్రిల్‌లో ఆయన ఇలా వంగి నేల ముట్టుకుంటుంటే, జాగా కొనడానికి వచ్చి భూమిపూజ మొదలుపెట్టాడనుకుని ఇద్దరు బ్రోకర్లు విజిటింగ్ కార్డులిచ్చి వెళ్లారు.

ఈ కొలతలకు నిలిచే చోటు దొరకడమే కష్టం. కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ పార్కు. నెమళ్లకు తప్ప బ్రూనోకు ప్రవేశం లేదు. బయటి కాలిబాట మీద నడిపించుకోవచ్చు గానీ అక్కడ బెల్టు విప్పితే బ్రూనోకంటే ముందు వాకర్లు పరుగెత్తుతారు. "న్యూయార్కు సెంట్రల్ పార్కులో పొద్దున తొమ్మిదింటిదాకా కుక్కల్ని వదలొచ్చు సార్, రాత్రి తొమ్మిది తర్వాత మళ్లీ వదలొచ్చు" అని ఒకసారి ఆన్‌సైట్ జ్ఞాపకం తీశాడు. పక్కనే చేతులూపుతూ నడుస్తున్న రిటైర్డు తహసీల్దారుగారు "అయితే అక్కడ షుగర్ పేషెంట్లు ఎప్పుడు నడుస్తారు నాయనా?" అని అడిగారు. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

2018లో జీహెచ్ఎంసీ కొండాపూర్‌లో చెత్త పోసే జాగాను బాగుచేసి ప్రత్యేకంగా కుక్కల పార్కు కట్టింది. ఎకరం పన్నెండు గుంటల జాగా, కోటీ పది లక్షల ఖర్చు, దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని పత్రికలు రాశాయి. చార్మినార్ తర్వాత ఈ ఊళ్లో చెప్పుకోదగ్గ కట్టడం అదేనని ఆయన నమ్మకం. బంధువులొస్తే గోల్కొండకు ముందు అక్కడికే తీసుకెళ్తాడు. కానీ ఆదివారం సాయంత్రమైతే ఆయనలాంటి నాన్నలందరూ అక్కడే ఉంటారు. కుక్కలు ఒకదాన్నొకటి వాసన చూసి రెండు నిమిషాల్లో పరిచయాలు ముగిస్తాయి. మనుషులకే ఫోన్లలోంచి తల ఎత్తడం కుదరదు. ముందుకాళ్లు వంచి వెనకభాగం పైకెత్తితే ఆటకు పిలుపు, తోక కర్రలా బిగిస్తే గొడవకు పిలుపు అని ఆయన అందరికీ పాఠం చెబుతుంటాడు. ఆ పాఠం నడుస్తుండగానే బ్రూనో ఎవరి హ్యాండ్‌బ్యాగులోంచో ఎగ్ పఫ్ లాగేస్తుంది.

కోకాపేట వైపు వేట మొదలుపెట్టింది ఆ తర్వాతే. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం గరిష్ఠంగా వంద కోట్ల డెబ్భై అయిదు లక్షలు పలికింది. అంటే గజం రెండు లక్షల పైమాట. బ్రూనో కాలెత్తిన ప్రతిసారీ ఆయన మనసులో ఆ లెక్క వేసుకుంటాడు. ఒక ప్లాటుకు చుట్టూ రేకులు కట్టి, కాపలాకు ఒక తాతను పెట్టారు. "ఓ గంట వదులుకుంటా తాతా" అని బతిమాలితే, "బెల్టు ఇడిస్తే నాకేం కాదు సారూ, లోపలున్నోళ్లను అడుగు" అన్నాడు తాత. లోపల నాలుగు వీధికుక్కలు నిలబడి ఉన్నాయి. ధరణిలో వాటి పేరు ఎక్కలేదు, భూభారతిలోనూ ఎక్కలేదు; అనుభవం మాత్రం పక్కాగా వాటిదే. బ్రూనో తోక కాళ్ల మధ్యకు తీసుకుంది. ఆయన బ్రూనోను ఎత్తుకుని కారు దాకా వెనక్కి వెనక్కి నడిచాడు. వాటివైపు వీపు తిప్పి పరుగెత్తకూడదన్న నియమం అంత భయంలోనూ తప్పలేదు.

"కుక్కకు పార్కేందిరా? మన ఊళ్లె కుక్కకు ఊరంత పార్కే గద" అంటుంది తల్లి. ఆవిడ మాట తీసెయ్యలేం. కాకపోతే ఆ ఊరి కుక్కకు ఏసీ గది లేదు, తొమ్మిదో అంతస్తు బాల్కనీ లేదు, పొద్దంతా ఒంటరిగా కూర్చుని సోఫా కొరికే అవసరమూ లేదు.

చెప్పుకోవలసిన విచిత్రం ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో ఉంటూ తన వార్డు నంబరు తెలియని మనిషి, బ్రూనో పుణ్యమా అని పౌరుడయ్యాడు. ఏ వీధిలో గాజుపెంకులు పోస్తున్నారో, ఏ పార్కులో కుళాయి రావడం లేదో, ఏ లేఔట్ మ్యాపులో పార్కని రాసిన చోట ఫంక్షన్ హాలు లేచిందో ఆయనకు కంఠతా వచ్చు. పెంపుడు కుక్కల్ని లిఫ్టులో ఎక్కనివ్వకపోవడం తగదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సూచనల్ని లామినేషన్ చేయించి జేబులో పెట్టుకున్నాడు. జేబులో మరోపక్క బ్రూనో వెనక ఎత్తడానికి కవర్లుంటాయి. హక్కులూ బాధ్యతలూ ఒకే ప్యాంటులో సర్దుకున్నవాళ్లు మన అపార్టుమెంటులో అరుదు.

మొన్న సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకెళ్లాడు, మన కాలనీలో లేఔట్ పార్కును కుక్కలకు కేటాయించాలని. కింద సంతకాలు: సింబా మదర్, కోకో డాడీ, టైసన్ ఫ్యామిలీ. అధికారి చదివి, కళ్లద్దాలు తీసి, "వీళ్లు ఓటర్లేనా?" అని అడిగాడట. అందుకని అసలు పేర్లు కనుక్కుంటూ ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

మా ఇంటికీ వచ్చాడు. సెల్లార్‌లో ఆయన కొడుకూ మరో అరడజను పిల్లలూ రెండు కార్ల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. బంతి అద్దానికి తగులుతుందని వాచ్‌మన్ కేకలేస్తున్నాడు. సంతకం పెడుతూ అన్నాను, "ఎలాగూ అర్జీ పెడుతున్నారు, పిల్లలకు కూడా ఒక గ్రౌండు కావాలని రాయండి."

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"రాయొచ్చు సార్. కానీ రెండూ అడిగితే ఏదీ రాదు. పిల్లలకు ఫోన్లన్నా ఉన్నాయి. పాపం, బ్రూనోకు ఏముంది?"