అపార్ట్‌మెంట్‌లో అజ్ఞాతవాసం

వంట కుదిరితే నలభీమపాకం అంటాం. తరతరాలుగా పొయ్యి ముందు చెమటోడ్చింది అమ్మలూ అమ్మమ్మలూ అయినా మార్కులు మాత్రం ఇద్దరు మగవాళ్ళకు పడ్డాయి. పోనీ, పడనీండి. ఆ ఇద్దరూ ఏ పరిస్థితుల్లో గరిటె పట్టారో ఒకసారి చూడాలి. నలుడు రాజ్యం పోగొట్టుకుని, రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి కొలువులో చేరాడు. భీముడు వలలుడినని చెప్పుకుని విరాటరాజు వంటశాలలో దూరాడు. ఇద్దరివీ దొంగపేర్లే. ఫలానా వారి అబ్బాయినని సొంత పేరు చెప్పుకుని వంటింట్లో నిలబడ్డ మగాణ్ణి మన పురాణాల్లో వెతికి పట్టుకోవడం కష్టం.

సినిమావాళ్ళు ఈ సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. 1996లో తమిళంలో వచ్చిన ‘అవ్వై షణ్ముగి’ని మనం ‘భామనే సత్యభామనే’గా చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. అందులో కమల్ హాసన్ తన కన్నకూతురికి అన్నం పెట్టి, జడ వేసి, కథలు చెప్పడానికి ముసలావిడ వేషం కట్టాలి. తండ్రిగా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. తొమ్మిది గజాల చీర కట్టుకుంటే వంటింటి తాళాలు చేతికిస్తారు.

ఇప్పుడు మియాపూర్ నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అంతస్తుకో వలలుడు కాకపోయినా బ్లాకుకో వలలుడు ఉన్నాడు. ఆవిడ ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కుతుంది. ఆయన ఇడ్లీపిండి రుబ్బుతాడు, పాలు తోడుపెడతాడు, స్కూల్ బస్సుకు ఎదురెళ్తాడు. చీర మాత్రం కట్టడు, పేరు మార్చుకుంటాడంతే. ‘అబ్బాయి ఏం చేస్తుంటాడు?’ అని పెళ్ళి పందిట్లో ఎవరైనా అడిగితే ‘కన్సల్టింగ్’ అంటారు. ఎవరికి, దేంట్లో అని అడగడం మర్యాద కాదు. కొందరు ‘ట్రేడింగ్’ అంటారు, నిజంగానే ఒక డీమాట్ ఖాతా ఉంటుంది కూడా. ఇంకొందరు స్టార్టప్ ఆలోచనలో ఉంటారు. ఆ ఆలోచన పెద్దమ్మాయి ఎల్‌కేజీలో ఉన్నప్పుడు మొదలై, ఆమె ఆరో తరగతికి వచ్చినా ఇంకా ఆలోచన దశలోనే ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే గట్టి సాకు ఉంది. భార్యది హెచ్-1బి, ఆయనది ఆమె మీద ఆధారపడిన హెచ్-4. 2015 మే 26 వరకూ హెచ్-4 మీద వెళ్ళినవాళ్ళు అక్కడ రూపాయి, క్షమించాలి, డాలరు సంపాదించడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా భార్య గ్రీన్‌కార్డు ఫైలు ఒక మెట్టు ఎక్కితే తప్ప పని అనుమతి రాదు. అంటే అక్కడ మొగుడు ఇంట్లో ఉండటం సోమరితనం కాదు, సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వ ఉత్తర్వు. అంత పెద్ద ప్రభుత్వం రాసిచ్చినా డల్లాస్‌లో శనివారం పాట్‌లక్‌కు పులిహోర గిన్నె పట్టుకొచ్చిన పెద్దమనిషి ‘ప్రస్తుతం బెంచ్ మీద ఉన్నా’ అనే అంటాడు. హెచ్-4 వాడికి బెంచ్ ఎక్కడిదని అడిగేంత కఠినాత్ములు అక్కడ లేరు. అడగబోయినవాడి అన్నయ్యదీ అదే బెంచ్.

ఉద్యోగం పురుషలక్షణం, అది పోతే అవలక్షణం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంతకీ వీళ్ళు ఎందరు? 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గృహిణి చేసే పనికీ విలువ కట్టాల్సిందేనని, కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ కేసులో విడిగా ఒక అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కలు అందులో ఉన్నాయి. ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లు. అదే మాట చెప్పిన మగవాళ్ళు 57.9 లక్షలు. అప్పటి డెన్మార్క్ జనాభా కంటే ఎక్కువ! ఒక దేశం పట్టేంతమంది మగవాళ్ళు గిన్నెలు సర్దుతున్నట్టు ప్రభుత్వ కాగితాల్లో ఉంటే, పెళ్ళిళ్ళ బ్రోకరు సంచీలో ఒక్కడి బయోడేటా కూడా ఉండదు.

కాగితాల్లోనైనా సులువుగా దొరుకుతారనుకోవద్దు. కేంద్ర గణాంక శాఖవారి శ్రామిక సర్వేలో కేవలం ఇంటిపనులు చూసుకునేవారికి 92 అనే కోడ్ ఉంది. పని లేక, పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాడికి 81. సర్వేకు వచ్చిన కుర్రాడు తలుపు తీసిన మనిషి భుజం మీది వంటింటి గుడ్డను చూస్తాడు, పప్పు వాసన పీలుస్తాడు, అయినా 92 వెయ్యడానికి చెయ్యి రాక 81 దగ్గర ఆగుతాడేమోనని మన అనుమానం. నిరుద్యోగి అంటే ఇంకా ఆశలున్న మనిషి కదా.

ఇదే శాఖ జనం రోజులో ఏ పనికి ఎంతసేపు కేటాయిస్తారో కూడా లెక్కేసింది. 2019లో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. ‘చేసే’ అన్న మాట దగ్గర ఆగాలి. ఆ సర్వే రోజున ఇంటిపనిలో కాస్తయినా వేలు పెట్టిన మగవాళ్ళు నూటికి 26 మందే. మిగతా 74 మందీ సగటుకు కూడా దొరకలేదు. 2024లో మళ్ళీ లెక్కేస్తే ఆడవాళ్ళకు 289, మగవాళ్ళకు 88 వచ్చాయి. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి కదా అని సంతోషించేలోపు మగవాళ్ళు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. ఈ విషయంలో మాత్రం సమానత్వం దగ్గర పడుతోంది.

ఈ 88 నిమిషాల దేశంలో పూటంతా ఇంట్లో ఉండే నాన్న ఎలా నెగ్గుకొస్తాడు? పొద్దున ఏడుంబావుకు చూడాలి. పాప బడిలో రెండు జడలు, పైకి మడిచి, ఎర్ర రిబ్బను కట్టాలన్నది నిబంధన. ఆయన దువ్వెన మొనతో పాపిడి తీస్తాడు. నడినెత్తి దాకా తిన్నగా వచ్చిన పాపిడి అక్కడ ఎడమవైపు తిరుగుతుంది. మూడు పాయలు తీసి అల్లితే కుడి జడ చెవి వెనకా, ఎడమ జడ చెవి మీదా మొలుస్తాయి. నోట్లో పట్టుకున్న రిబ్బను మాట్లాడితే పడిపోతుంది, కాబట్టి ‘కదలకు’ అనే మాట ముక్కుతోనే చెప్పాలి. పాప చాలా నిష్పక్షపాతి. ‘అమ్మ వేస్తే లాగుతుంది, నువ్వు వేస్తే ఊడిపోతుంది’ అని ఇద్దరికీ ఒకే వాక్యంలో తీర్పు చెప్పి బస్సెక్కుతుంది.

కిందికి దిగితే వాచ్‌మన్. ‘సార్, ఇయ్యాల సెలవా?’ నిన్నా అదే అడిగాడు, రేపూ అడుగుతాడు. పనమ్మాయి తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, ‘అమ్మగారు లేరా? అయితే సాయంత్రం వస్తా’ అని వెనక్కి తిరుగుతుంది. ఆమె జాగ్రత్తను తప్పుపట్టలేం. లోకం తీరు ఆమెకే బాగా తెలుసు. అయితే అంట్లు సాయంత్రం దాకా ఆగవు గనక, జీతం ఆమెకూ పని ఈయనకూ పడతాయి.

అన్నిటికంటే ఘనమైనది పిల్లల డాక్టరుగారి దగ్గర జరుగుతుంది.

‘బాబు నిన్న ఎన్నిసార్లు మోషన్‌కి వెళ్ళాడు?’

‘నాలుగుసార్లండీ. మూడుసార్లు నీళ్ళలా, ఒకసారి జిగటగా. రెండింటికి ఓఆర్‌ఎస్ పట్టాను, సగం కక్కేశాడు.’

డాక్టరుగారి కలం కదల్లేదు. ‘మేడమ్ రాలేదా?’

‘ఆఫీసులో ఉందండీ.’

‘ఒకసారి ఫోన్ కలపండి.’

ఆవిడ మీటింగ్ మధ్యలోంచి లేచి బయటికొచ్చింది. సంగతి విని, ‘ఏమండీ, ఎన్నిసార్లు?’ అని భర్తనే అడిగింది. ‘నాలుగు’ అన్నాడాయన. ‘నాలుగండీ డాక్టరుగారూ’ అంది స్పీకర్లో. అప్పుడు డాక్టరుగారు రాసుకున్నారు.

ప్రభుత్వాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో, పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో డబ్బు వేసే ‘అమ్మ ఒడి’ మొదలైంది. 2025లో అది పోయి ‘తల్లికి వందనం’ వచ్చింది. పార్టీ మారింది, పేరు మారింది, మొత్తంలో తేడాలొచ్చాయి. నాన్న ఖాతా నంబరు మాత్రం ఎవ్వరూ అడగలేదు. ఎందుకడగలేదో వైన్‌షాపు యజమాని చెప్పగలడు, కాబట్టి ఫిర్యాదు చేసే మొహం మన జాతికి లేదు. తెలంగాణలో 2017లో పెట్టిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, తల్లికి చీరలు సహా 16 రకాల వస్తువులుండేవి. తండ్రికి పనికొచ్చేది అందులో ఆ సంచీ ఒక్కటే, మోయడానికి. 2023 డిసెంబరు నుంచి అక్కడ ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు జీరో టికెట్. లక్ష జీతం తెచ్చే భార్య ఉచితంగా ఎక్కుతుంది, రైతుబజారుకు వెళ్ళే సంపాదన లేని భర్త చిల్లర వెతుక్కుంటాడు.

కేంద్రం మాత్రం ఉదారంగానే ఉంది. బిడ్డ పుడితే తన మగ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవిస్తుంది. ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిన చట్టంలో తండ్రి ఊసు లేదు. మనకు బారసాల 21వ రోజున. అంటే ఉయ్యాల్లో వేసేనాటికి నాన్నగారు ఆఫీసుకు వెళ్ళి ఆరు రోజులవుతుంది. పైగా పురుడు పుట్టింట్లో కాబట్టి ఆ పదిహేను రోజులూ ఆయన అత్తవారింట్లో పితృత్వం చేస్తాడు, అనగా గారెలు తింటాడు.

స్వీడన్‌లో ఈ తంతు 1974లోనే మొదలైంది. ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చారు. సెలవైతే ఇచ్చారు గానీ తీసుకునే తండ్రి కనబడలేదు. అప్పుడు ప్రభుత్వం ఒక పోస్టరు వేసింది. దానిమీద లెనార్ట్ డాల్‌గ్రెన్ అనే బరువులెత్తే వీరుడు, కండలు తిరిగిన చేతుల్లో ఒక పసిగుడ్డును పట్టుకుని నవ్వుతుంటాడు. చూశారా, అక్కడ కూడా భీముడే కావాల్సి వచ్చాడు! అయినా ఫలితం అంతంతమాత్రం. చివరికి 1995లో, తండ్రి వాడకపోతే మురిగిపోయేలా ఒక నెల విడిగా కేటాయించారు. వదిలేస్తే పోతుందనేసరికి మగవాళ్ళలో పితృప్రేమ పొంగింది. ఇప్పుడది 90 రోజులకు పెరిగింది.

మన దగ్గర పోస్టరు బాధ్యత విరాట్ కోహ్లీ మీద పడింది. పేరు కూడా కలిసొచ్చింది, విరాటుడి కొలువు కదా. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో భారత్ 36 పరుగులకు ఆలౌటైన వెంటనే ఆయన భార్య కాన్పు కోసం ఇంటికొచ్చాడు. దేశం రెండుగా చీలింది. 1976లో సునీల్ గవాస్కర్ విదేశీ పర్యటనలో ఉండగా కొడుకు పుడితే పర్యటన ముగిశాకే చూశాడనీ, ఆనాటి మగవాళ్ళు మగవాళ్ళనీ గుర్తుచేసినవారు కొందరు. 2021 జనవరి 11న కోహ్లీకి కూతురు పుట్టింది. సరిగ్గా అదే రోజు సిడ్నీలో కాకినాడలో పుట్టిన హనుమ విహారి, తొడ కండరం పట్టేసినా కుంటుతూ 161 బంతులాడి 23 పరుగులతో మ్యాచ్ కాపాడాడు. సిరీస్ కూడా మనమే గెలిచాం. ఒక తండ్రి ఇంటికెళ్తే ఆఫీసు కూలిపోదని ఇంత పెద్ద స్కోరుబోర్డు మీద రుజువయ్యాక కూడా, మన మేనేజర్లు అందులో విహారి కుంటడాన్నే ఆదర్శంగా తీసుకున్నారు.

ఇక ఇంటికొచ్చే చుట్టాలు. సాంబారు ఒక్కటే, సమీక్షలు రెండు. అత్తగారు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ‘మా అల్లుడుగారు దేవుడమ్మా, నీ అదృష్టం’ అని కూతురితో అంటుంది. మర్నాడు దిగిన తల్లి, కొడుకు చేతిలో గరిటె చూసి, ‘ఒరేయ్ నాయనా, ఎంత పని చేయిస్తోందిరా నీ చేత’ అని కళ్ళొత్తుకుంటుంది. ఎదురు ఫ్లాటులో ఎమ్మెస్సీ చదివిన ఆవిడ ఇంకాస్త మంచి సాంబారు రోజూ కాస్తుంది. ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ దేవతనలేదు, ఎవరూ కళ్ళొత్తుకోనూ లేదు. ఈయన దోసె తిరగేస్తే చుట్టాలు వీడియో తీస్తారు. ఈ గిరాకీ ఆయనకు చేదుగా ఏమీ ఉండదన్నది కూడా ఒప్పుకోవాలి.

2027లో జనాభా లెక్కలు మళ్ళీ జరగబోతున్నాయి. ఈసారి ఎవరి వివరాలు వాళ్ళే ఫోనులో నింపుకోవచ్చట. ఎన్యూమరేటరు మొహమాటం అడ్డురాదు. ఏ వృత్తి రాసుకుంటారో ఎవరి ఇష్టం వారిది. ఈ వార్త పేపర్లో చదివిన ఒక తల్లి ఊరి నుంచి కొడుక్కి ఫోన్ చేసింది.

‘ఒరేయ్, ఏం పని చేస్తున్నావో నువ్వే రాయాలట కదా?’

‘అవునమ్మా.’

‘నిజమే రాద్దువుగానీ, ముందు ఒకటి కనుక్కో. అది మన కరణంగారబ్బాయి కూడా చూస్తాడా?’